విజయవాడ వానల్లో రోజూ సైకిల్ మీద పనికి: ముందు బ్రేకు, తర్వాతే రెయిన్ కోటు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: భవానీపురంలో ఇల్లు, ఆటోనగర్‌లో పని, ఒక్కో వైపు తొమ్మిది పది కిలోమీటర్లు. గేర్లు లేని 26 అంగుళాల సైకిలు, స్టీలు రిమ్ములు. వేసవంతా బాగానే నడిచింది. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడేసరికి బ్రేకు పట్టడం మానేసింది, చైను ఎర్రబడింది, చొక్కా వెనక వీపు దాకా బురద గీత. ‘వానాకాలం అయ్యేదాకా సైకిల్ మూలన పెట్టి ఆటో ఎక్కడమేనా, అన్నా?’ అని.

అక్కర్లేదు తమ్ముడూ. మానుకోవాల్సిన రోజులు కొన్ని ఉంటాయి, అవేవో కింద చెబుతాను. మిగతా రోజులన్నీ తొక్కొచ్చు. ఫిన్లాండులో ఓలూ అనే ఊళ్లో మంచు పేరుకున్న చలికాలంలో కూడా బడికీ ఆఫీసుకీ సైకిళ్ల మీద వెళ్లేవాళ్లున్నారు. గడ్డకట్టిన మంచు మీద పట్టు కోసం ఇనుప మేకులు దిగ్గొట్టిన టైర్లు దొరుకుతాయక్కడ. మనకు మేకుల టైర్లతో పనిలేదు గానీ మంచు మీద తొక్కేవాళ్ల పద్ధతి ఒకటి మన వానకూ అచ్చంగా సరిపోతుంది. జారే చోట మలుపు తిప్పరు, బ్రేకు వేయరు, పక్కకు వాలరు. ఆ మూడు పనులూ ఆ చోటు రాకముందే ముగించేస్తారు.

వాన అనగానే అందరూ ఏ రెయిన్ కోటు కొనాలని అడుగుతారు. తడిసిన మనిషి అరగంటలో ఆరతాడు. డబ్బులు పెట్టాల్సింది మొదట బ్రేకుల మీద, తర్వాత మడ్‌గార్డు మీద.

నీ బ్రేకు ఎందుకు పట్టడం లేదంటే, స్టీలు రిమ్ము మీద ఉండేది క్రోమ్ పూత. అద్దంలా నున్నగా ఉంటుంది. దాని మీద నీటి పొర నిలిస్తే రబ్బరు ఆ పొర మీదే జారుతుంది, లోహాన్ని తాకదు. లివర్ నొక్కాక మొదటి రెండు మూడు చుట్లు ఆ నీళ్లు తుడవడానికే పోతాయి. 26 అంగుళాల చక్రం ఒక్క చుట్టు తిరిగితే రెండు మీటర్ల పైచిలుకు. గంటకు 18 కి.మీ. వేగమంటే సెకనుకు 5 మీటర్లు. అంటే బ్రేకు నొక్కాక ఆరు మీటర్ల దాకా, ఒక సెకను పైన, సైకిలు నీ మాట వినదు. బెంజి సర్కిల్ దగ్గర ఆరు మీటర్లలో ఒక ఆటో, దాని ముందు ఇంకో బైకు ఉంటాయి.

దీనికి పైసా ఖర్చు లేని మందు ముందుగా తుడవడం. ఆగాల్సిన చోటుకు పది పదిహేను మీటర్ల ముందే రెండు లివర్లనూ తేలిగ్గా తాకించి పట్టుకో. మొదట ఏమీ ఉండదు, తర్వాత రబ్బరు గరగరలాడుతూ పట్టు దొరకడం వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు ఒక్క క్షణం వదిలి అసలు బ్రేకు వెయ్యి. వాన ఆగకుండా కురుస్తుంటే ఆగే పని లేకపోయినా నిమిషానికొకసారి ఇలా తుడుస్తూ ఉండు. వారం రోజులు చేస్తే అలవాటైపోతుంది.

తర్వాత రబ్బర్లు. సైకిల్‌తో వచ్చిన చవక బ్రేకు రబ్బర్లు ఒక వేసవి ఎండకే గట్టిపడి, ముఖం మీద మెరుపు తేలుతుంది. గోరుతో గుచ్చితే దిగదు. వాటిని విప్పి ఉప్పు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్దితే కొంత మేలు, మెత్తటి రకం కొత్త జత వేస్తే ఇంకా మేలు. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య 2 మి.మీ. మించి సందు ఉండకూడదు. లివర్ గట్టిగా నొక్కినప్పుడు హ్యాండిల్‌కు రెండు వేళ్ల దూరంలోనే ఆగిపోవాలి. రబ్బరు ముఖంలో ఇసుక రేణువులు, లోహపు మెరికలు గుచ్చుకుని ఉంటాయి. వారానికోసారి పిన్నీసుతో పీకేయి. అవి అలాగే ఉంటే రిమ్మును ఆకురాయిలా గీకేస్తాయి.

ఇవన్నీ చేసినా స్టీలు రిమ్ము స్టీలు రిమ్మే. నన్నడిగితే ఈ సైకిలు మీద పెట్టదగ్గ పెద్ద ఖర్చు ఒక్కటే, అల్యూమినియం రిమ్ములు. కనీసం ముందు చక్రానికైనా మార్పించు. తడిలో తేడా మొదటి రోజే తెలుస్తుంది. పాత హబ్బు (చక్రం నడిమి భాగం) అలాగే ఉంచి రిమ్ము, పుల్లలు (స్పోకులు) మార్చవచ్చు. షాపుకు వెళ్లేముందు హబ్బుకు పుల్లల రంధ్రాలెన్నో లెక్కపెట్టుకో. 36 ఉండొచ్చు, పాత రకం సైకిళ్లకు ముందు 32, వెనక 40 ఉంటాయి. రిమ్ము రంధ్రాలు దానికి సరిపోవాలి. రిమ్ము మారితే పుల్ల పొడుగూ మారవచ్చు కాబట్టి పాత పుల్లలే బిగించేస్తానంటే ఒప్పుకోవద్దు. కొత్త చక్రం వందో రెండొందలో కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బెండు తీయించాలి, కొత్త పుల్లలు సర్దుకుంటాయి గనక.

పాతకాలపు పెద్ద సైకిలు, రాడ్ బ్రేకులు ఉన్నవాళ్ల సంగతి వేరే. అందులో రబ్బరు రిమ్ము లోపలి వైపుకు తగులుతుంది, బురద చేరేదీ అక్కడే. గంటకు 12 కి.మీ. దాటకుండా తొక్కడమే దానికి మార్గం. ఇది తీసిపారేసే సలహా కాదు. వేగం 18 నుంచి 12కు దిగితే ఆగే దూరం సగానికన్నా తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ దూరం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. డిస్కు బ్రేకులున్నవాళ్లకు తడిలో పట్టు బాగుంటుంది గానీ వానాకాలం బురద ప్యాడ్లను తినేస్తుంది. ప్యాడు మీద మిగిలిన పదార్థం 1 మి.మీ. కన్నా పల్చబడితే మార్చేయాలి. చైనుకు నూనె కొట్టేటప్పుడు డిస్కు మీద ఒక్క తుంపర పడినా బ్రేకు పోయినట్టే, కాబట్టి స్ప్రే డబ్బాలు దాని దగ్గరికి రానీయొద్దు.

ముందు బ్రేకంటే మన దగ్గర ఒక భయముంది, వేస్తే బొక్కబోర్లా పడతామని. అందుకే చాలా సైకిళ్లకు దాన్ని వదులు చేసి పెట్టేస్తారు. నిజానికి బ్రేకు వేయగానే బరువు ముందుకు వస్తుంది కాబట్టి ఆపే బలంలో పెద్ద వాటా ముందు చక్రానిదే. వెనక దాన్నొక్కటే నమ్ముకుంటే తడి రోడ్డు మీద వెనక చక్రం బిగుసుకుపోయి తోక ఊపుతుంది. తిన్నటి తారు రోడ్డు మీద రెండూ కలిపి, మెల్లమెల్లగా బిగిస్తూ వెయ్యి. పెయింటు, ఇనుము, బురద మీద ఉన్నప్పుడు మాత్రం ముందు దాని జోలికి వెళ్లకు. వెనక చక్రం జారితే కాలు కింద పెట్టి నిలదొక్కుకోవచ్చు. ముందు చక్రం జారితే నీకు తెలిసేలోపే మోచేయి రోడ్డు మీద ఉంటుంది.

టైర్ల విషయంలో ఒక అపోహ తీసేయాలి. కారు టైరులా సైకిలు టైరు నీటి మీద తేలిపోదు. ఒత్తిడి 50 పీఎస్ఐ ఉన్న టైరు నీళ్ల మీద తేలాలంటే లెక్క ప్రకారం గంటకు నూరు కిలోమీటర్లు దాటాలి. కాబట్టి తారు రోడ్డు కోసం పెద్ద పెద్ద బుడిపెల టైరు అక్కర్లేదు, అది పట్టును ఇంకా తగ్గిస్తుంది. సన్నగీతల మామూలు టైరు చాలు, అరిగి నున్నగా ఎండకు బీటలు వారింది కాకుండా చూసుకో. గాలి మాత్రం వేసవి కన్నా పదో వంతు తగ్గించు. 40 కొట్టించే చోట 35, 36. టైరు పక్కన అచ్చేసిన కనీస అంకె కిందికి మాత్రం దిగొద్దు. లోపల రబ్బరు తొడుగుండే పాత రకం వాల్వు ట్యూబులకు గేజి సరైన లెక్క చూపదు. సైకిలెక్కి కూర్చున్నప్పుడు వెనక టైరు కింద కొద్దిగా ఉబ్బి, చిన్న గుంటలో పడినా రిమ్ము తగలకపోతే సరిగ్గా ఉన్నట్టు.

వానల్లో పంచర్లు ఎక్కువ. గాజు పెంకులు, మేకులు కొట్టుకొచ్చి రోడ్డు అంచున చేరతాయి, తడి రబ్బరు పొడి రబ్బరు కన్నా సులువుగా తెగుతుంది. పైగా తడి ట్యూబు మీద సొల్యూషన్ పట్టదు. కాబట్టి వానాకాలం ప్యాచీల కన్నా ఒక స్పేర్ ట్యూబు, రెండు టైరు లివర్లు, చేతి పంపు పాలిథిన్ కవర్లో చుట్టి సీటు కింద కట్టుకో. చిల్లు పడ్డ ట్యూబును ఇంటికెళ్లాక తీరిగ్గా ఆరబెట్టి అతికించుకోవచ్చు.

ఇక దారి. అన్నిటికన్నా ప్రమాదం నువ్వు పనిచేసే చోటే ఉంది. ఆటోనగర్ రోడ్ల మీద ఏడాది పొడుగునా కారిన డీజిలు, ఇంజనాయిలు దుమ్ములో ఇంకి ఉంటాయి. మొదటి జల్లు పడగానే అవి పైకి తేలి నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల పొరలా మెరుస్తాయి. మంచు గడ్డకు మన ఊళ్లో చుట్టం ఎవరంటే ఈ పొరే. రంగులు కనిపించాయంటే పెడల్ ఆపి, హ్యాండిల్ తిన్నగా పట్టి, ఏ బ్రేకూ తాకకుండా దాటేయి. దాని మీద మలుపు తిరగాల్సి వస్తే దిగి నడిపించు, సిగ్గుపడాల్సింది లేదు. దాటాక టైరుకు అంటిన డీజిలు ఇంకాసేపు ఉంటుంది కాబట్టి తర్వాతి మలుపు కూడా మెల్లగానే. ఎండల తర్వాత పడే తొలి వానలో మొదటి అరగంట ఊరంతా కాస్తో కూస్తో ఇలాగే ఉంటుంది. గట్టిగా కురిసి రోడ్డు కడిగేశాక తారు మళ్లీ పట్టునిస్తుంది. చినుకు పడగానే పరుగెత్తే కంటే ఒక టీ తాగి కదలడమే తెలివి.

తెల్ల పెయింటు గీతలు, జీబ్రా పట్టీలు, మ్యాన్‌హోలు మూతలు, ఫ్లైఓవర్ల మీద ఇనుప జాయింట్లు తడిస్తే సబ్బు పూసినట్టే. వాటిని అడ్డంగా, సైకిలు నిటారుగా ఉన్నప్పుడు దాటాలి. రైలు పట్టాలను చక్రం లంబంగా దాటాలి, ఏటవాలుగా పోతే సందులో ఇరుక్కుంటుంది. పాచి పట్టిన ఇంటర్‌లాకింగ్ టైళ్ల మీద అసలు తొక్కొద్దు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండల పక్క రోడ్ల మీదికి వానకు మట్టి, రాళ్లు జారుతుంటాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. వాన పడుతుంటే కొండవార తలదాచుకోవద్దు.

తాడేపల్లి, ఉండవల్లి వైపు నుంచి వచ్చేవాళ్లకు ప్రకాశం బ్యారేజీ మీద పడే గాలి వేరు. 1,223 మీటర్ల పొడుగునా నది మీదుగా వచ్చే గాలిని ఆపేది ఏదీ లేదు. గొంగళిలా పైనుంచి వేసుకునే పోంచో రెయిన్ కోటుంటే అది తెరచాపై పక్కకు నెట్టేస్తుంది. అక్కడ ప్యాంటూ చొక్కా విడివిడిగా ఉండే రెయిన్ సూటే వాడాలి, అంచుకు రాసుకోకుండా ఒక మీటరు లోపలికి తొక్కాలి. బ్యారేజీ దాటాక రాజధాని పల్లెల వైపు పోయేవాళ్లు నల్లరేగడి సంగతి గుర్తుపెట్టుకోండి. ట్రాక్టర్లు రోడ్డెక్కించిన ఆ మట్టి ముద్ద టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులోకి దూరుతుంది, పది మీటర్లలో చక్రం తిరగడం ఆగిపోతుంది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి, ఒక పుల్ల ముక్క దగ్గరుంచుకుంటే గీకి పారేయొచ్చు.

నిలిచిన నీళ్లలోకి దిగాలా వద్దా అన్నది తేల్చడానికి సైకిలే కొలబద్ద. పెడల్ ఇరుసు, అంటే రెండు పెడళ్ల కడ్డీలూ బిగిసే మధ్య ఇరుసు, నేల నుంచి సుమారు 28 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, ఆ కడ్డీ (క్రాంకు) పొడుగు 17. అంటే కిందికొచ్చిన పెడల్ నేలకు 11 సెం.మీ. పైన తిరుగుతుంది. పెడల్ నీళ్లను తాకిందంటే జానెడు కన్నా తక్కువే కానీ అడుగున ఏముందో కనిపించని లోతు. అక్కడ దిగిపోవాలి. నీళ్లు పెడల్ ఇరుసు దాకా, చక్రం హబ్బుల దాకా వస్తే సైకిల్ నడిపించుకుంటూ కూడా వెళ్లొద్దు, వెనక్కి తిరుగు. నీరు లాగేయడానికి మ్యాన్‌హోలు మూతలు తీసి పెడతారు. పైనుంచి చూస్తే అక్కడ చిన్న సుడి తప్ప ఏమీ కనిపించదు. నడిపించేటప్పుడు సైకిల్‌ను కాస్త ముందుకు నెట్టి పట్టుకుంటే గొయ్యి వచ్చినప్పుడు నీకన్నా ముందు చక్రం దిగుతుంది. డివైడరు పక్క సాధారణంగా ఎత్తుగా ఉంటుంది, కాలువల మూతలు అంచుల్లో ఉంటాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువల గట్ల రోడ్ల మీద నీళ్లు నిలిస్తే రోడ్డెక్కడ ఆగిందో కాలువ ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ దారి ఆ రోజుకు లేదనుకో. రైలు వంతెనల కింది దారులూ అంతే. గుంటూరు వాళ్లకు మూడు వంతెనలు, కంకరగుంట పేర్లు చెబితే చాలు.

కాలికి గాయముండి మురుగు నీళ్లలో దిగితే ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. తర్వాతి రెండు వారాల్లో జ్వరమొస్తే డాక్టరుకు ‘వాన నీళ్లలో దిగాను’ అన్న ముక్క తప్పకుండా చెప్పు.

వీపు మీది బురద గీతకు వెనక మడ్‌గార్డు పొట్టిగా ఉండటమే కారణం. మౌంటెన్ సైకిలు తరహా బండ్లకు సీటు కింద ఒక నాలుక తగిలించి మడ్‌గార్డంటారు, అది అలంకారం. చక్రాన్ని సగం పైగా చుట్టే పూర్తి పొడుగు మడ్‌గార్డులు రెండూ వేయించు. అంతకన్నా ముఖ్యం, చాలామంది పట్టించుకోనిది, ముందు మడ్‌గార్డు కింద వేలాడే రబ్బరు ముక్క. ముందు చక్రం చిమ్మే ఇసుక నీళ్లు సూటిగా వచ్చి తగిలేది నీ పాదాలకు, చైనుకు, పెడల్ ఇరుసు బేరింగులకు. చైను ఎర్రబడేది, పెడల్ కిరకిరలాడేది పైనుంచి పడే వాన కన్నా ఈ చిమ్ముడు వల్లే ఎక్కువ. ఆటోనగర్‌లో పాత లారీ ట్యూబు ముక్క ఊరికే ఇస్తారు. పది సెం.మీ. వెడల్పు, ఇరవై పొడుగు కత్తిరించి, కిందికి వచ్చేసరికి కాస్త వెడల్పయ్యేలా చూసి, మడ్‌గార్డు చివర రెండు రంధ్రాలు వేసి వాషర్లతో బోల్టు బిగించు. అడుగు అంచు నేలకు ఐదారు సెం.మీ. పైన ఉండాలి. ఫ్లెక్సీ బ్యానరు ముక్క పనికిరాదు, గాలికి లేచిపోతుంది. ట్యూబు రబ్బరు బరువుకు నిటారుగా వేలాడుతుంది.

చైను గురించి. తడిసి ఇంటికొచ్చిన సైకిల్‌ను అలాగే వరండాలో వదిలేస్తే రాత్రికి రాత్రే పైన ఎర్ర పొడి తేలుతుంది. పాత బనియను గుడ్డతో చైను పట్టుకుని పెడల్ వెనక్కి ఇరవై చుట్లు తిప్పు, నిమిషం పని. నూనె వారానికి రెండుసార్లు, చైను ఆరాకే. ఒక్కో రోలరు (లింకుల మధ్య తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్క చుక్క, చైను లోపలి వైపు నుంచి. సుమారు 110 రోలర్లుంటాయి, అంతా కలిపి 5 మి.లీ. మించదు. పది నిమిషాలాగి బయట మిగిలిన నూనెంతా తుడిచేయాలి. ఈ తుడవడం దగ్గరే అందరూ బద్ధకిస్తారు. నూనె పనిచేసేది రోలరు లోపల, బయట ఉన్నది ఇసుకను పిలిచి అంటించుకోవడానికే.

ఏ నూనె? కుట్టుమిషను నూనె వేసవికి బాగుంటుంది, వానకు ఒక్క రోజులో కడుక్కుపోతుంది. తడి వాతావరణానికని అమ్మే చైను నూనె దొరికితే మంచిదే, దొరక్కపోతే బైకు చైన్లకు వాడే 90 గ్రేడు గేరు ఆయిలు పనికొస్తుంది. చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంకా బాగా తుడవాలి. కొబ్బరి నూనె, వంట నూనె ఎండాక జిగురవుతాయి. వాడేసిన ఇంజనాయిలులో లోహపు పొడి ఉంటుంది, ఊరికే వస్తుందని పోయొద్దు. డబ్ల్యూడీ-40 స్ప్రే నీటిని తరిమేస్తుంది, తుప్పు వదులు చేస్తుంది, నూనె పని చేయదు. అది కొట్టి వదిలేసిన చైను రెండో రోజుకే కిచకిచమంటుంది.

చైను సాగిందో లేదో స్టీలు స్కేలుతో చూసుకో. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే పన్నెండు అంగుళాల గీత మీద ఇంకో పిన్ను మధ్య భాగం కచ్చితంగా పడాలి. వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు, దాటితే గేర్ల సైకిలుకు చైను మార్చాలి. గేర్లు లేనిదానికి ఎనిమిదో వంతు దాకా ఆగొచ్చు. అంతకు మించి నడిపితే పళ్ల చక్రాలూ అరిగి ఖర్చు మూడింతలవుతుంది.

బేరింగుల పని వానలకు ముందోసారి, దీపావళి దాటాక ఇంకోసారి చేయించాలి. షాపులో ‘ఓవరాయిలింగ్’ అంటే తెలుస్తుంది, కానీ ఎదురుగా కూర్చుని చేయించుకో. పాత గ్రీజు మీదే కొత్తది పూసి ఇచ్చేసే చోట్లున్నాయి. విప్పినప్పుడు గ్రీజు రంగు చూడు. నల్లగా ఉంటే మామూలు అరుగుదల. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దూరినట్టు, దాన్ని పూర్తిగా కిరోసిన్‌తో కడిగేయాల్సిందే. ముందు హబ్బులో సాధారణంగా ఒక్కో వైపు 3/16 అంగుళం బాల్స్ పది, వెనక పావు అంగుళానివి తొమ్మిది చొప్పున ఉంటాయి. ఒకటి తక్కువైనా తెలియదు కాబట్టి లెక్కపెట్టు, కొత్తవి వేయించు, పాతవీ కొత్తవీ కలపొద్దు. బాల్స్‌ను నొక్కి పట్టే కోను బిగించాక చక్రం ఊగకూడదు, అలాగని బిర్రుగానూ తిరగకూడదు. వాల్వు బరువుకే చక్రం మెల్లగా కిందికి తిరిగి ఆగితే సరిగ్గా ఉంది. సీటు గొట్టం తీసి గ్రీజు పూసి మళ్లీ పెట్టించు, లేకపోతే తుప్పుతో అతుక్కుపోతుంది. ఆ సందులోంచే నీళ్లు ఫ్రేములోకి దిగి పెడల్ ఇరుసు దగ్గర చేరతాయి. అడుగున చిన్న రంధ్రముంటే మట్టితో మూసుకుపోకుండా చూసుకో. సైకిల్‌ను వానలో తలకిందులుగా నిలబెట్టొద్దు.

బట్టల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మన ఉక్కలో ఏ రెయిన్ కోటు వేసినా అరగంటలో లోపల చెమటతో అంతే తడుస్తావు. నిక్కరు, తొందరగా ఆరే టీషర్టు వేసుకుని తడుస్తూ వెళ్లి, అక్కడ మార్చుకోవడం సుఖం. పనిచోట ఒక జత బట్టలు, తువ్వాలు వదిలేసి ఉంచు. వెనక పట్టీ ఉన్న శాండిల్సు వాడు, హవాయి చెప్పులు తడి పెడల్ మీంచి జారిపోతాయి. చున్నీ, చీర కొంగు చక్రంలో పడకుండా వెనక చక్రానికి జాలీ వేయించాలి. హెల్మెటు కింద ముందంచు ఉన్న పల్చటి టోపీ పెడితే కళ్లలో నీళ్లు పడవు. బ్యాగు బయట కవరు కప్పడం కన్నా లోపల మందపాటి పాలిథిన్ సంచిలో సామాను పెట్టి మూతి మెలితిప్పి కట్టడం నమ్మకం. సాయంత్రం వానలో లారీ వాడి అద్దం మీద నీళ్లే కనిపిస్తాయి, నువ్వు కనిపించవు. వెనక ఎర్రలైటు పగలే వేసి ఉంచు, బయల్దేరే ముందు దాని మీది బురద తుడువు.

మానుకోవాల్సిన రోజులు. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. వస్తే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అతి భారీ అన్న మాట కృష్ణా, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేర్లతో వినబడితే సైకిల్ తీయొద్దు. మామూలు రోజుల్లో బయల్దేరే ముందు వాతావరణ శాఖ వెబ్‌సైటులో మచిలీపట్నం రాడార్ చిత్రం చూసుకో. మబ్బు ఎటు నుంచి ఎటు కదులుతోందో తెలుస్తుంది, ఇరవై నిమిషాలు ఆగితే దాటిపోయే జల్లేదో పట్టుకునేదేదో తేలిపోతుంది. పిడుగులకు దామిని యాప్ ఉంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కన్నా తక్కువుంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. చెట్టు కింద కాదు, పక్కా భవనంలోకి వెళ్లు, చివరి ఉరుము తర్వాత అరగంటాగు. తెగిన కరెంటు తీగలు, నీళ్లలో నిలబడ్డ స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల దిమ్మెలకు దూరంగా ఉండు. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. మొదటిది రాగానే కరకట్ట దారి మానేయాలి.

ఆఖరుగా, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు ఎన్నో సైకిళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన సైకిల్ విషయంలో జరిగే తప్పు, బయటికి తీయగానే తొక్కి చూడటం. బేరింగుల్లో ఒండ్రు ఉంటుంది, నాలుగు చుట్లకే బాల్స్ తిరిగే కప్పులు గీకుపోతాయి. చక్రం తిప్పకుండా ఎత్తి తీసుకొచ్చి, ముందు మంచినీళ్లతో పైనుంచి మెల్లగా కడుగు. చక్రాలు, టైర్లు, ట్యూబులు, సీటు గొట్టం విప్పేసి ఫ్రేమును అటూ ఇటూ వంచి లోపలి నీళ్లు పోనివ్వు, సీటు నీడలో ఆరబెట్టు. హబ్బులు, పెడల్ ఇరుసు, హ్యాండిల్ రేసు (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు) మూడూ విప్పి కిరోసిన్‌తో కడిగి బాల్స్ అన్నీ కొత్తవి వెయ్యాలి. బ్రేకు తీగలు బాగానే కనిపించినా లోపలివీ బయటివీ రెండూ మార్చాలి, గొట్టంలో చేరిన ఒండ్రు ఎండాక తీగను పట్టేస్తుంది. చైను ఒక పూట కిరోసిన్‌లో నానబెట్టి చూడు, ఒక్క లింకైనా బిర్రుగా మిగిలితే పారేయి. అన్నీ బిగించి వారం తొక్కాక పెడల్ ఇరుసు మళ్లీ ఒకసారి విప్పించి గ్రీజు రంగు చూసుకో. టీ రంగు కనిపిస్తే ఫ్రేములో ఇంకా నీళ్లున్నాయి, సీటు గొట్టం తీసి ఇంకో రెండు రోజులు ఎండలో పెట్టు.